గురి తెలియని విలుకాళ్ళు

చేపపిల్లకు ఈత నేర్పాలా అని లోకం అంటుంది. అనేవారిలో చేపపిల్లను దగ్గరగా చూసినవారు కొద్దిమందే అయినా ఆ మాట చెల్లుబాటుకు లోటు లేదు. పాటగాడి కొడుకు గొంతు సవరించుకున్నా, వడ్రంగి కూతురు సుత్తి పట్టుకున్నా ఎవరో ఒకరు ఈ సామెతను తీసి వారి భుజం మీద కప్పుతారు. విద్య నెత్తురులోనే ఉంటుంది, తక్కినది కాలమే చూసుకుంటుంది అని దాని తాత్పర్యం. సామెతల్లో ఒక సౌకర్యం ఉంది. నేర్పేవాడి విసుగూ నేర్చుకునేవాడి అవమానమూ వాటిలో కనిపించవు.

ఒక ఊళ్ళో, ఉద్యానవనం చివరనున్న చేపల ప్రదర్శనశాలలో, ఈ సామెతకు ఒకసారి పరీక్ష జరిగింది. పరీక్షకు కూర్చున్నవి చేపపిల్లలే. వాటికి పూచీ పడ్డది మాత్రం వదిన.

ఆమెను శాలలో అందరూ వదిన అనే పిలుస్తారు. దీనికి మూలం టికెట్ల కిటికీలో కూర్చునే ఆమె ఆడపడుచు. ఆవిడ గొంతు గోడలకు ఆగే గొంతు కాదు. "వదినా, తాళాలు!" "వదినా, వాన!" "వదినా, ఎవరో పిల్లాడు తాబేలుతో పోట్లాడుతున్నాడు!" అంటూ పొద్దస్తమానం ఆవిడ వేసే కేకలు విని విని, ఊడ్చే మనిషి, మేత తెచ్చే మనిషి, చివరికి శాలకు కొత్తగా వచ్చిన అధికారిణి కూడా ఆమెను వదిన చేసేసుకున్నారు. ఒకనాడు కట్టుకున్న భర్తే ధ్యాస తప్పి "వదినా, స్క్రూడ్రైవర్ ఎక్కడుంది?" అని అడిగాడు. ఆ ముక్కను ఆడపడుచు ఏళ్ళ తరబడి చుట్టాలందరికీ వడ్డించింది.

వదిన పుట్టింటివారు బట్టలు కుట్టేవాళ్ళు. పెళ్ళయి వచ్చేనాటికి చొక్కాకు చేతులు అతకడం తెలుసు గాని చేప మొప్ప ఎటుంటుందో ఆమెకు తెలియదు. మామగారు ఆ శాలలో పెద్ద మేతగాడు. ఆయనకు ఒక కొడుకు, ఒక కూతురు. నెత్తురులో విద్య ఉంటుందన్నది నిజమైతే అది ఆ ఇద్దరిలో ఎవరో ఒకరికి అంటాలి. కొడుకు మేత డబ్బా మూత తీస్తే చాలు, తుమ్ములు మొదలై చొక్కా గుండీలు ఊడేదాకా ఆగేవి కావు. అతడు చేపల జోలికి పోకుండా శాలలోని నీటి మోటార్లు బాగుచేసే పనికి కుదిరాడు. కూతురికి చేపలంటే ప్రాణం, అయితే మధ్యలో అద్దం ఉండాలి. "అవి నన్ను చూస్తే నాకు సంతోషం, ముట్టుకుంటేనే తేడా వస్తుంది" అని ఆవిడ సిద్ధాంతం.

అలా మామగారికి అన్నం క్యారేజీ తెచ్చే పని కోడలి మీద పడింది. ఆయన తినేవరకు నిలబడాలి, ఖాళీ గిన్నెలు తీసుకుపోవాలి. ఆయన ముందు మేత పెట్టేవాడు, తరువాత తినేవాడు. ఈ నడుమ సమయంలో ఆమె ఆయన ఎక్కే ఎత్తుపీట పక్కన నిలబడి పైకి చూసేది. ఆయన ఏమీ నేర్పలేదు. పొమ్మని కూడా అనలేదు. ఏ తొట్టికి మణికట్టు ఎలా తిరుగుతుందో, ఏ చేప దగ్గర వేళ్ళు నీళ్ళకు తగలకూడదో, ఎక్కడ ఆగి నీటి వాసన చూస్తాడో ఆమె కళ్ళే ఏరుకున్నాయి. ఒకరోజు ఆయన మోకాలు పట్టేసి బల్లమీద కూలబడితే, ఎవరూ చెప్పకుండానే ఆమె చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని పీట ఎక్కింది. మొదటి తొట్టి నుంచి చివరి తొట్టి దాకా ఆయన రెప్ప వేయకుండా చూశాడు. అంతా అయ్యాక "ఊఁ" అన్నాడు. ఆ ఇంట్లో ఆ ఊఁకారానికి మించిన పట్టా లేదు. కొడుకుకు, కూతురికి అది ఏ విషయంలోనూ దక్కలేదు.

"చేపపిల్లకు ఈత నేర్పాలా అంటారు, మరి దర్జీపిల్లకూ నేర్పక్కర్లేదన్నమాట" అని ఆడపడుచు ఆ సాయంత్రం సాగదీసింది. అది మెచ్చుకోలో దెప్పిపొడుపో నేటికీ తేలలేదు. కొన్ని మాటలు తేలకపోవడమే కాపురాలకు క్షేమం.

మామగారు కాలం చేశాక పీట ఆమెదైంది. శాలలో ఎన్ని రకాలున్నా ఆమె మనసంతా ఒక తొట్టి మీదే. దాని ముందు పలక మీద "విలుకాడు చేప" అని రాసి ఉండేది. జనం మాత్రం ఉమ్మి చేప అనేవారు. అరచేతిలో సగం ఉండే మంచినీటి చేప. వెండి ఒంటిమీద ఎవరో సిరా వేళ్ళతో పట్టుకుని వదిలినట్టు నల్లని మచ్చలు. ముట్టె నుంచి వీపు దాకా గీత గీసినంత తిన్నన. కళ్ళు పెద్దవి, పైచూపు. నీటి మీదికి వంగిన ఆకుపై ఈగో చీమో వాలితే ఈ చేప మెల్లగా పైకి తేలి, ముట్టె కొనను మాత్రం నీటి బయట పెడుతుంది. అంగిట్లో ఒక గాడి ఉంటుంది. నాలుకను దానికి అదిమితే అది గొట్టమవుతుంది. మొప్పలు చప్పున మూసుకుంటాయి. చిమ్మనగొట్టంలోంచి వచ్చినట్టు నీటిధార వెళ్ళి పురుగును కొడుతుంది. పురుగు కిందపడి అల లేచేలోపు అది కడుపులో ఉంటుంది.

ఇందులోని వింత దూరం కాదు. నీటిలో సగం ముంచిన కర్ర వంగినట్టు కనిపిస్తుందని మనకు తెలుసు. నీటి లోపలి నుంచి చూసే చేపకు పైలోకమంతా అలాగే వంగి ఉంటుంది. పురుగు కనిపించేచోట లేదు, ఉన్నచోట కనిపించదు. తాడును చూసి పామనుకోవడం, ముత్యపుచిప్పను చూసి వెండి అనుకోవడం మీద మన పెద్దలు ఎంతో తర్కించారు. కన్ను మోసం చేస్తుందని తెలిశాక కంటిని నమ్మాలా, మానాలా అన్నది ఆ తర్కం. ఈ చేప రెండూ చేయదు. తన కన్ను ఎంత అబద్ధమాడుతుందో లెక్క తెలుసుకుని, ఆ మేరకు పక్కకు జరిపి కొడుతుంది. ఈ లెక్క దానికి ఎక్కడిది అన్నదే అసలు ప్రశ్న. వదిన ఆ ప్రశ్న ఎన్నడూ వేసుకోలేదు. పుట్టుకతోనే వచ్చిందనుకుంది. అందరూ అనుకునేది అదే.

ఆ పాత తొట్టికి ఒక అవమానం ఉండేది. దాని అద్దం పైభాగంలో పగులు. మామగారు దాన్ని ఎన్నడూ బాగు చేయించలేదు. పగులుకు దిగువగా నీళ్ళు నింపి, పైన ఖాళీలో నాలుగు కొమ్మలు వేలాడదీసేవాడు. అన్ని తొట్లూ నిండుగా ఉండగా ఇదొక్కటే సగంగా ఉండేది. "ఇందులో నీళ్ళు అయిపోయాయా?" అని జనం అడిగేవారు. పిసినారితనమని ఇంట్లోవాళ్ళు లోలోపల నొచ్చుకునేవారు.

ఇలా ఉండగా శాల పైకప్పు కారడం మొదలై, మూసి, కొత్తగా కట్టారు. కొత్త అద్దాలు, కొత్త దీపాలు, కొత్త అధికారిణి. ఆవిడ వయసులో వదిన కూతురంత. చదువుకున్నది, నెమ్మది గలది. తెలియనిది తెలియదని చెప్పగలిగిన మనిషి. అప్పటికి పాత విలుకాళ్ళు ఒక్కొక్కటే ముసలితనంతో పోయి, ఒక్కటి మిగిలింది. వదిన దాన్ని తాత అనేది. మచ్చలు వెలిసిపోయాయి, ఒక రెక్క అంచు చిరిగింది. కట్టడం జరిగినన్నాళ్ళూ దాన్ని మేతగదిలోని చిన్న తొట్టిలో, తన పీట పక్కనే పెట్టుకుంది. ఒకసారి అది జబ్బుపడి లేచినప్పటి నుంచి పురుగును రెండు వేళ్ళతో పట్టుకుని నోటికి అందించేది. తాత వేళ్ళ దాకా వచ్చి మర్యాదగా తీసుకునేది.

"మా అన్నయ్యకైనా ఇంత భాగ్యం లేదు" అనేది ఆడపడుచు.

"మీ అన్నయ్యకు నోరుంది, అడుగుతారు. దీనికి నోరుంది గాని అడగదు" అనేది వదిన.

కొత్త తొట్టికి కొత్త విలుకాళ్ళు కావలసివచ్చాయి. చేపల్ని పెంచి అమ్మే ఒక కేంద్రం నుంచి చురుకైన చేపపిల్లల గుంపు దిగింది. అధికారిణి అద్దం ముందు వంగి చూసి అడిగింది: "వదినగారూ, ఇవి వేటాడతాయంటారా? సాయంత్రం పూట జనానికి చూపిద్దామని ఆశ. బయట బోర్డు కూడా రాయిద్దామనుకుంటున్నా."

"భలే అడిగారు మేడమ్! చేపపిల్లకు ఈత నేర్పాలా? నాదీ పూచీ."

బోర్డు రాశారు. పెంపకం కేంద్రం వాళ్ళు ఒక మాట చెప్పి వెళ్ళారు: నచ్చకపోతే శాల తెరిచే లోపు ఈ పిల్లల్ని వెనక్కి తీసుకుని, బదులుగా ఎర్రతోకల అలంకారపు చేపలు ఇస్తామని. అప్పుడు ఆ మాటను ఎవరూ పట్టించుకోలేదు.

వదిన కొత్త తొట్టిని తనచేత్తో నింపింది. పగులు లేని అద్దం, మచ్చలేని మూత. ఇన్నేళ్ళ సగం తొట్టి నామోషీ తీరేలా అంచు దాకా, మూతను తాకేదాకా నింపింది. దూరం నుంచి చూస్తే నీళ్ళున్నాయో గాజు దిమ్మె ఉందో తెలియనంత నిండుగా ఉంది. పిల్లలు అటూ ఇటూ మెరిశాయి. మేత వేస్తే తిన్నాయి. పురుగులు వేస్తే మింగాయి. అంతే. ఒక్కటీ ఉమ్మలేదు.

కొత్తచోటు బెరుకనుకుంది. తరువాత దీపాల వెలుగు ఎక్కువైందనుకుంది. ఆ తరువాత అనుకోవడానికి ఏమీ మిగలలేదు. చివరికి మోటారు సరిచూడడానికి వచ్చిన భర్త తొట్టి మూత ఎత్తి, లోపలికి చూసి, తుమ్ముకూ తుమ్ముకూ మధ్య అన్నాడు: "ఇదిగో, ఇందులో ఉమ్మడానికి చోటేదే?"

వదిన కొయ్యబారింది. నీటికీ మూతకూ మధ్య ఈగ రెక్క విదిలించేంత ఖాళీ లేదు. విల్లు ఇచ్చి ఆకాశం తీసేసినట్టుంది వ్యవహారం. మామగారు ఆ పగులును ఎందుకు బాగు చేయించలేదో ఆ క్షణాన ఆమెకు తోచింది. ఆయన తెలిసే వదిలేశాడో, లేక పగులే ఆయనకు నేర్పిందో చెప్పడానికి ఆయన లేడు, ఉన్నా చెప్పేవాడు కాడు.

"అంటే మా నాన్న పిసినారి కాదన్నమాట" అంది ఆడపడుచు గడపలోంచి.

"ఈ ఒక్క విషయంలో కాదు" అన్నాడు ఆయన కొడుకు.

నీళ్ళు సగానికి దించారు. కొమ్మలు వేలాడదీశారు. ఆకుల మీద పురుగుల్ని వదిలారు. పిల్లలు ఆకుల కింద గుమిగూడి, పైకి చూడకుండా, వదిన చేతిని చూశాయి. చేయి అటు జరిగితే అటు, ఇటు జరిగితే ఇటు. పుట్టినప్పటి నుంచి ఆ పెంపకం కేంద్రంలో మేత పైనుంచి నీళ్ళలోకి రాలేది. వాటి లోకంలో ఆహారం చేతికి కాస్తుంది. ఆకుమీది పురుగు వాటికి గోడమీది బొమ్మతో సమానం.

మేత తగ్గించి చూసింది. ఆకలి వేస్తే అవే నేర్చుకుంటాయనుకుంది. ఆకలి వాటికి గురి నేర్పలేదు, ఒకదాని తోక ఒకటి కొరకడం నేర్పింది.

అప్పుడు వదిన ఒక పని చేసింది. సూది లేని పెద్ద ప్లాస్టిక్ సిరంజి ఒకటి సంపాదించింది. చేపలకు మందు వేసేది. దాన్నిండా నీళ్ళు తీసి, పీట మీద మోకాళ్ళూని, ముఖం నీటి అంచుకు తెచ్చి, పిల్లలకు కనబడేలా ఆకుమీది చీమకు గురిపెట్టి చిమ్మింది. ధార చీమకు చాలా ఎడంగా పోయి వెనక మోటారు దగ్గర కూర్చున్న భర్త చెవిలో పడింది.

"మోటారు కారుతోందా?" అన్నాడు ఆయన.

"మోటారు కాదు, నేను."

మరోసారి చిమ్మింది. ఈసారి మెడ మీద. ఆయన లేచి, కుర్చీ జరుపుకుని, గొడుగు విప్పుకుని మళ్ళీ కూర్చున్నాడు. టికెట్ల కిటికీ నుంచి వచ్చి చూసిన ఆడపడుచు గోడకు జారబడి పడీపడీ నవ్వింది. "వదినా, సిరంజి ఎందుకు, నువ్వే ఉమ్మితే పోలా? చేపలకు కనీసం ముట్టె కనిపిస్తుంది!"

"నీ ముట్టె పెద్దది, నువ్వు రా!"

ఈ పాఠశాల నడుస్తుండగా అధికారిణి వచ్చింది. గొడుగు కింద మెకానిక్కును, సిరంజి పట్టిన వదినను, నేలమీద కూర్చున్న టికెట్ల మనిషిని ఒకరి తరువాత ఒకరిని చూసి, నవ్వు ఆపుకుని, పక్కన పీట లాక్కుని కూర్చుంది.

"వదినగారూ, నేనూ చదువుతూనే ఉన్నాను. ఇవి తోటివాటిని చూసి నేర్చుకుంటాయట. బాగా కొట్టే చేప ఒకటి గుంపులో ఉంటే, పక్కనుంచి చూసిన పిల్లలకు గురి కుదురుతుందట. మన దగ్గర అలాంటిది ఒక్కటే ఉంది."

వదిన ముఖంలో నవ్వు పోయింది. "తాతనా? కుదరదు మేడమ్. దానికి రెక్క సరిగా లేదు. ఇవి ఆకలి మీదున్నాయి. ఒకదాన్నొకటే కొరుక్కుంటున్నాయి, ముసలిదాన్ని వదులుతాయా? పీక్కుతింటాయి."

"జరగొచ్చు. జరగదని నేను చెప్పలేను."

"చదివారు సరే. చూశారా?"

"లేదు. మీరు చూశారా?"

 వదిన పెంచిన రోజుల్లో తొట్టిలో ఎప్పుడూ పెద్దవీ చిన్నవీ కలిసే ఉండేవి. పిల్లలు కొట్టేవి. ఎవరిని చూసి కొట్టేవో ఆమె ఎన్నడూ చూడలేదు. చూడనవసరం లేదని సామెత ముందే చెప్పేసింది గదా.

"పెంపకం కేంద్రం వాళ్ళు ఎర్రతోకలు పంపమంటారా అని అడుగుతున్నారు. మీరెలా చెబితే అలా చేద్దాం. ఇవి వెళ్ళిపోయినా మిమ్మల్ని ఎవరూ తప్పుపట్టరు" అని అధికారిణి లేచింది.

తప్పుపట్టేవాళ్ళు లేకపోవడం వదినకు ఊరట కాలేదు. వెళ్ళే పిల్లలు ఎక్కడికి వెళతాయో ఆమెకు తెలుసు: ఎవరింటి హాల్లోనో, మూత బిగించిన నిండు తొట్టిలోకి. విలుకాళ్ళని పేరు మోస్తూ ఒక్కసారైనా పైకి చూడకుండా బతుకుతాయి. వాటిని ఉంచుకోవాలంటే తాతను పణం పెట్టాలి. మేతగదిలోకి వెళ్ళి కూర్చుంది. తాత వేళ్ళ కోసం పైకి వచ్చింది.

కాసేపటికి ఆడపడుచు వచ్చి గుమ్మానికి ఆనుకుంది. ఈసారి గొంతు తగ్గించింది. ఆమె గొంతు తగ్గించడం శాలలో ఎవరూ ఎరగరు.

"వదినా, మా నాన్న నీకు ఏం నేర్పాడు?"

"ఏం నేర్పారు? పీట పక్కన నిలబడనిచ్చారు."

"అంతే గదా. నేను ఆ ఇంట్లో పుట్టాను. ఆయన చేతుల్లో పెరిగాను. నాకేం వచ్చింది? టికెట్టు చింపడం. ఎందుకంటావు? అన్నం క్యారేజీ ఒక్కరోజైనా నేను తేలేదు. తెచ్చుంటే నాకూ వచ్చేదేమో."

"నువ్వు తెచ్చుంటే దారిలో సగం తినేదానివి."

"అదీ నిజమే. కానీ నిలబడినవాళ్ళకే వస్తుంది వదినా. ఆ పిల్లలకు నిలబడి చూడటానికి ఎవరూ లేరు, అంతే."

 వదిన లేచి, మొదట తాతకు చేతి మేత మానిపించింది. ఎందుకంటే తాత కూడా ఉమ్మి చాలాకాలమైంది. వేళ్ళకు అలవాటుపడ్డ విలుకాడు మాత్రం ఎవరికి ఏం చూపిస్తాడు? ఆకును నీటి మీదికి వంచి, దానిమీద పురుగును పెట్టి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. తాత వేళ్ళ కోసం వెతికింది. ఆ మూలకు పోయింది, ఈ మూలకు వచ్చింది. పురుగును చూసింది, ఆమెను చూసింది. మరునాడూ అదే.  చేయి ముందుకు రాబోతే వదిన రెండో చేత్తో దాన్ని పట్టుకుంది. చివరకు తాత నిదానంగా తేలి, ముట్టె బయట పెట్టి, సూటిగా ఆమె కంట్లోకి కొట్టింది.

"అబ్బా!" అని ఆమె వెనక్కి పడితే, పరుగెత్తుకొచ్చిన భర్త కళ్ళు తుడుస్తూ అడిగాడు: "గురి తప్పిందా?"

"తప్పలేదండీ" అంది ఆమె తడి ముఖంతో నవ్వుతూ. "నా మీదే పెట్టింది."

ఆ తరువాతి ధార పురుగుకు తగిలింది.

తాతను కొత్త తొట్టికి మార్చినరోజు భర్త ముందుజాగ్రత్తగా ఒక వలతెర తయారుచేశాడు. నడుమ తెర, ఇటు తాత, అటు పిల్లలు. అవి చూడగలవు, కొరకలేవు. ఆలోచన బాగానే ఉంది. ఆలోచనలు చాలాసార్లు బాగానే ఉంటాయి. తాత తొట్టి అడుగున పెట్టిన ఒక చెట్టువేరు వెనకకు పోయి కదలకుండా నిలబడింది. పురుగు పెట్టినా రాలేదు. పోటీకి ఎవరూ లేనిచోట ముసలివాడికి తొందర ఏముంటుంది? తెర అవతల పిల్లలు మళ్ళీ వదిన చేతినే చూశాయి.

వలతెరను వదినే తీసింది. ఎవరూ తీయమనలేదు. తీసి, కుడిచేతిలో చేపల్ని ఎత్తే చేతివల పట్టుకుని పీట మీద నిలబడింది, పరిస్థితి చెడితే తాతను ఎత్తేయడానికి.

చెడినంత పని అయింది. పిల్లలు తాతను చుట్టుముట్టి తొట్టి పొడవునా తరిమాయి. చిరిగిన రెక్కను ఒకటి పట్టి లాగింది. ఒక పొలుసు ఊడి దీపపు వెలుగులో మెరుస్తూ దిగింది. ఆడపడుచు కళ్ళు మూసుకుంది. వదిన వల ముంచింది. ముంచి, ఆగింది. ఎందుకు ఆగిందని తరువాత అడిగితే, తాత పారిపోతూనే పైకి చూస్తున్నట్టు కనబడిందని చెప్పింది.

తాత మూల మలుపులో ఒక్కక్షణం నిలిచి, తేలి, కొట్టింది. ఆకుమీది పురుగు నీళ్ళలో పడింది. దాన్ని ఒక పిల్ల మింగింది.

గుంపు చెదిరింది. అవి మొదటిసారి పైకి చూశాయి.

తరువాతి రోజులన్నీ ఒకటే తంతు. తాత కొట్టేది, పిల్లలు తినేవి. సంపాదించేవాడొకడు, సర్దుకుతినేవారు పదిమంది. "అచ్చం మన ఇల్లే" అంది ఆడపడుచు. అయితే తరమడం తగ్గింది. తమకు భోజనం పడేసేవాణ్ణి కొరకకూడదన్న తెలివి చేపలకూ ఉన్నట్టుంది. పిల్లలు తాత పక్కన వరసకట్టి, అది తేలితే తేలి, ఆగితే ఆగి, పురుగు ఎక్కడ పడుతుందో ముందే పసిగట్టి అటు ఉరకడం మొదలుపెట్టాయి. ఒక ఉదయం వాటిలో ఒకటి ముట్టె బయట పెట్టి, నీటిని పైకి వదిలింది. అది ధార కాదు, చొంగ. దాని నెత్తిమీదే పడింది. వదిన ఆ చొంగను చూసి పీట మీద కూర్చుండిపోయింది.

"ఊఁ" అంది.

పక్కనున్న భర్త ఆ శబ్దానికి తలెత్తి చూశాడు. అది వాళ్ళ నాన్న గొంతు. తనకు ఎన్నడూ దక్కనిది ఒక చేపపిల్లకు దక్కింది. కోపం రావలసింది, తుమ్ము వచ్చింది.

తక్కినవి ఒకదాన్ని చూసి ఒకటి అందుకున్నాయి. గోడలు, దీపాలు, ఆకులు తడిశాయి. శాల తెరిచే ముందురోజు అధికారిణి తొట్టి మీదికి వంగి తేరిపార చూస్తుండగా ధార వచ్చి ఆమె కళ్ళజోడు అద్దం మధ్యన కొట్టింది. ఆవిడ అద్దం తుడుచుకోకుండానే అంది: "బోర్డు ఉంచుదాం వదినగారూ."

"నేను చెప్పలేదూ, చేపపిల్లకు ఈత నేర్పాలా అని?" అంది ఆడపడుచు, అది చెప్పింది తానే అన్నట్టు.

"ఈత నేర్పక్కర్లేదు. తక్కినవన్నీ నేర్పాలి" అంది వదిన.

తెరిచిన సాయంత్రం జనం బాగా వచ్చారు. పిల్లలు కేకలు వేశారు, పెద్దలు వేయాలనుకుని ఆగారు. విలుకాళ్ళు పదిసార్లకు నాలుగుసార్లు తగిలించాయి. మెచ్చుకోదగ్గ గురి కాదు, కానీ తమ గురి.

జనం పోయాక అధికారిణి మేతగదికి వచ్చింది. వదిన అప్పటికే చిన్న తొట్టి కడిగి, నీళ్ళు మార్చి, పాత కొమ్మ అందులో పెట్టి ఉంచింది. చేతివల సిద్ధంగా పట్టుకుని ఉంది.

"తాతను తెచ్చేసుకోండి వదినగారూ. దాని పని అయిపోయింది. ఇక హాయిగా మీ దగ్గరే ఉంటుంది" అంది అధికారిణి.

"అందుకే బయలుదేరాను."

పెద్ద తొట్టి ముందుకు వెళ్ళి పీట ఎక్కింది. తాత పై అంచున ఉంది. రెక్క మునుపటికన్నా చిరిగింది, ఒక పక్క పొలుసులు లేవు. చిన్నతొట్టిలో ఉన్నప్పటి నునుపు ఇప్పుడు లేదు, పొట్ట లోపలికి పోయింది. అది కొట్టిన వాటిలో ఎక్కువ భాగం కుర్రవి ఎగరేసుకుపోతున్నాయి. మేతగదిలో ఉంటే అడగకుండానే నోటికి అందుతుంది, ఇంకొంతకాలం ఎక్కువ బతుకుతుంది. ఇది ఆమెకు స్పష్టంగా తెలుసు. తాత మాత్రం ఒక ఆకు కింద నిలిచి, కొత్తగా వాలిన పురుగును చూస్తూ, కాస్త ముందుకు జరిగి, కాస్త వెనక్కి తగ్గి, కన్ను చెప్పే అబద్ధాన్ని కొలుస్తోంది. రెండువైపులా రెండు పిల్లలు అలాగే జరిగి, అలాగే తగ్గాయి.

కొట్టింది. తగిలింది. ఈసారి ఎవరికంటే ముందు తానే అందుకుంది.

ఆమె చేసినది సరైనదో కాదో చెప్పడం తేలిక కాదు. ముసలిప్రాణికి సుఖం గొప్పదా, పని గొప్పదా అన్న ప్రశ్నకు జవాబులు చెప్పేవారిలో చాలామంది ముసలివారు కారు, తక్కినవారు చేపలు కారు. కనుక జరిగినది జరిగినట్టు చెప్పడం మేలు. వదిన వలను నీళ్ళలో ముంచలేదు. తాతను ఆ తొట్టిలోనే ఉంచింది. ఆనాటి నుంచి దానికి చేత్తో ఒక్క పురుగునూ ఇవ్వలేదు. తక్కిన వాటికి పెట్టినట్టే దానికీ ఆకుల మీదే పెట్టింది.